మాక్‌బెత్తు నాటకము: రాజ్యకాంక్షయు, దాని ఫలమును



ఆంగ్ల మహాకవియగు షేక్‌స్పియరు (1564–1616) రచించిన విషాదాంత నాటకములలో మాక్‌బెత్తు మిక్కిలి చిన్నది. ఇది ఇంచుమించు 1606వ సంవత్సరమున రచింపబడి, కవి మరణానంతరము 1623లో మొదటిసారి అచ్చుపడినది. మంగళాంతములగు రూపకములకు అలవడిన మనకు, ఒక హంతకుని కథను చూచి రసము ననుభవించుట యెట్లను సందేహము కలుగవచ్చును. దానికి సమాధానము నాటకమునందే యున్నది.

మాక్‌బెత్తు స్కాట్లండు దేశపు సేనాని, మహాశూరుడు. యుద్ధమున జయించి మిత్రుడగు బాంకోతో మరలి వచ్చుచుండగా, మువ్వురు మంత్రగత్తెలు ఎదురై, నీవు రాజగుదువని యతనితోను, నీ సంతతివారు రాజులగుదురని బాంకోతోను చెప్పిరి. జోస్యములు ఇరువురును వినిరి. ఇట్టి మాటలు నమ్మించి ముంచునని బాంకో హెచ్చరించెను. మాక్‌బెత్తు మాత్రము ఉలికిపడెను. రాజును చంపుమని ఆ మువ్వురిలో నొక్కతెయు చెప్పలేదు. ఆ తలంపు అతని హృదయమునందే పుట్టెను. విత్తనము ఎవరు చల్లినను, మొలకెత్తుటకు నేల పదునై యుండవలెను గదా!

చరిత్రలో డంకన్ రాజు 1040లో మాక్‌బెత్తుతో జరిగిన పోరాటమున మరణించెను. పిదప మాక్‌బెత్తు 1057 వఱకు 17 ఏండ్లు పాలించెను. హోలిన్‌షెడ్ చరిత్రగ్రంథమునుండి కథను గ్రహించిన కవి, డంకనును సాధుస్వభావుడగు వృద్ధునిగా దిద్ది, మాక్‌బెత్తు కోటలోనే అతిథిగా నిదురింపజేసెను. ఇతడు ప్రభువు, బంధువు, అతిథి. ఇట్టివానిని చంపుట తగదని మాక్‌బెత్తే తనలో తాను వితర్కించుకొనును. కాని భార్య పౌరుషమును ఎత్తిపొడువగా నిలువలేకపోయెను. అధర్మమని యెఱుగక చేసినవాడు కాడు, ఎఱిగి చేసినవాడు. ఈ నాటకమునకు ప్రాణమంతయు ఇందే యున్నది.

రంగమున వధను చూపరాదని మన లాక్షణికుల మతము. తరువాతి హత్యలు కొన్నింటిని ప్రత్యక్షముగానే చూపిన యీ కవియు, రాజహత్యను మాత్రము తెఱచాటున నుంచెను. మనకు కనబడునవి నెత్తురంటిన చేతులు. వినబడునది కోటతలుపు తట్టుచున్న చప్పుడు. భయానక రసమునకు ఇంతకంటె పోషణ మేమి కావలెను?

ఆ రాత్రి, సముద్రజలమంతయు తన చేతులను శుద్ధిచేయజాలదని భర్త వాపోవగా, కొంచెము నీరు చాలునని భార్య తేల్చివేసెను. ఐదవ యంకమున ఆమెయే నిద్రలో నడచుచు, లేని నెత్తుటి మరకను కడుగుకొనుచుండును. మొదట వెఱచిన భర్తయో, బాంకోను చంపించి, మాక్‌డఫ్ అను ప్రభువు ఆలుబిడ్డలను చంపించి, తుదకు భార్య మరణవార్త వినియు మనసార దుఃఖింపలేనంతగా రాయియైపోవును.

అడవి కదలి కోటమీదికి వచ్చువఱకు ఓటమి లేదనియు, స్త్రీకి పుట్టిన వాడెవ్వడును తన్ను చంపజాలడనియు విన్న జోస్యములే అతనికి మిగిలిన ధైర్యము. హిరణ్యకశిపుని వరములవలె అవియు సందు గలవే. శత్రుసైనికులు బర్నమ్ అడవి కొమ్మలను నఱికి చేతబట్టి నడచి వచ్చిరి. మాక్‌డఫ్ తల్లిగర్భమును చీల్చి తీయబడినవాడు. అతని చేతిలోనే మాక్‌బెత్తు మడిసెను.

అంతకు ముందే అతడు తన జీవితమును తూచి చూచుకొనును. ముదిమిలో మనుష్యునకు దక్కవలసిన గౌరవము, ప్రేమ, మిత్రబృందము తనకు లేవనియు, జనుల నోట పొగడ్త, లోన శాపమే మిగిలినవనియు గ్రహించును. కిరీటము తలపై నున్నది. కన్నులకు నిద్ర లేదు, ఇంట సంతతి లేదు. తాను పోగొట్టుకొన్న దేమో తెలియని క్రూరునియెడ మనకు జాలి కలుగదు. ఇతనికి తెలియును. కావుననే హంతకుని కథ కరుణరసమున పర్యవసించుచున్నది.

ఆంగ్లము రానివారు, వచ్చిన పిల్లలచేత మొదటి రెండంకములనైనను చదివించి అర్థము చెప్పించుకొందురు గాక. రాజు కోటలో కాలుపెట్టిన ఘట్టమునుండి తలుపు చప్పుడు వఱకు విన్నచో, మిగిలిన కథను వారే అడిగి చెప్పించుకొందురు.