తాతల కథలు, మనవడి లెక్కలు

ఈ భాగంలో మనం రెండు రకాల పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదువుతాం. మొదటి రకం, సోవియట్ యూనియన్ ఎందుకు కూలిపోయిందో వివరించే పుస్తకాలు. రెండో రకం, అదే దేశంలో పిల్లల కోసం రాసిన స్నేహం కథలు, ఇంటి కథలు. మొదటివి చరిత్ర, ఆర్థికశాస్త్ర విద్యార్థుల బల్ల మీద ఉంటాయి. రెండోవాటిని బాలసాహిత్యం అనే చిన్న అరలో సర్దేస్తాం. ఈ రెండు అరల మధ్య గోడ అవసరం లేదని నా అభిప్రాయం. అందుకు ఒకే కుటుంబంలోని మూడు తరాలను ఉదాహరణగా తీసుకుంటాను. అంతకన్నా ముందు ఈ పుస్తకాలు మన దాకా ఎలా వచ్చాయో తెలుసుకోవాలి.

పుస్తకాలు వచ్చిన దారి

బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలోనో, గోదావరిఖనిలోనో, రామగుండం క్వార్టర్లలోనో పెరిగినవారు మీలో ఉంటే, ఇంట్లోని పాత ట్రంకుపెట్టె ఒకసారి తెరిచి చూడండి. మంచి కాగితం మీద రంగు బొమ్మలతో, లోపలి పేజీలో మాస్కో పేరుతో ఒక తెలుగు పుస్తకం దొరికినా దొరకవచ్చు. 1931లో మాస్కోలో మొదలైన ఒక ప్రచురణ సంస్థ 1963 నుంచి ‘ప్రగతి ప్రచురణాలయం’ అనే పేరుతో ప్రపంచ భాషల్లో పుస్తకాలు అచ్చువేసింది. వాటిలో తెలుగు ఒకటి. 1982లో కథాసాహిత్యాన్ని, పిల్లల పుస్తకాలను విడదీసి ‘రాదుగ’ అనే మరో సంస్థకు అప్పగించారు. రష్యన్ భాషలో రాదుగ అంటే ఇంద్రధనుస్సు. ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వెంకటేశ్వరరావు, నిడమర్తి ఉమారాజేశ్వరరావు వంటివారు మాస్కోలో కాపురం ఉండి ఈ అనువాదాలు చేశారు. లక్ష్మణరావుగారి ‘బతుకు పుస్తకం’ చదివితే ఆ తరం మనుషుల జీవితం కొంత తెలుస్తుంది.

ఇక్కడ ఈ పుస్తకాలను అమ్మింది ముఖ్యంగా విజయవాడ విశాలాంధ్ర. ఊరూరా తిరిగే పుస్తకాల వ్యాన్లలో, సభల దగ్గర పరిచిన బల్లల మీద కొద్ది రూపాయలకే దొరికేవి. బొగ్గుబాయి జీతం మీద బతికే ఇంట్లో పిల్లలకు బొమ్మల పుస్తకం కొనడం అప్పట్లో మామూలు విషయం కాదు. ఆ కాగితానికి, ఆ రంగులకు అయ్యే ఖర్చు ఆ ధరతో రాదని చూడగానే తెలిసేది. మిగతా ఖర్చు సోవియట్ ప్రభుత్వం భరించింది. ఈ విషయం గుర్తుంచుకోండి. ముందు ముందు మనం చూడబోయే లెక్కల్లో మీ పెట్టెలోని పుస్తకం కూడా ఒక చిన్న పద్దు.

1991 తరువాత ఆ పుస్తకాలు రావడం ఆగిపోయింది. అయినా కథలు పోలేదు. చుకోవ్‌స్కీ రాసిన ‘నొప్పి డాక్టరు’ వంటివాటిని సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ మళ్ళీ అచ్చువేసింది. ఆ దేశం పేరు కూడా వినని పిల్లలు ఇప్పుడు వాటిని చదువుతున్నారు.

ఒక కుటుంబం

అర్కాదీ గైదార్ 1904లో పుట్టాడు. పద్నాలుగేళ్ళకే ఎర్రసైన్యంలో చేరాడు. తరువాత పిల్లల రచయిత అయ్యాడు. 1941లో యుద్ధంలో చనిపోయాడు. ఆయన కొడుకు పేరు తిమూర్. ‘తిమూర్, అతని దళం’ అనే పిల్లల నవలకు పేరు ఈ కొడుకు నుంచే వచ్చింది.

ఉరల్ పర్వత ప్రాంతంలో పావెల్ బజోవ్ అనే మరో రచయిత ఉండేవాడు. రాగి గనుల్లో, రాతి చెక్కడం పనిలో బతికిన పాతకాలపు కూలీల నోట విన్న కథలను ఆయన ‘మలాకైట్ పేటిక’ పేరుతో 1939లో పుస్తకంగా తెచ్చాడు. ఆ కథల్లో రాగికొండ యజమానురాలు అనే దేవత లాంటి స్త్రీ ఉంటుంది. ధైర్యం గల పనివాడిని ఆమె మెచ్చుకుంటుంది, పీడించే పెత్తందారును శిక్షిస్తుంది. బాయి దిగే ముందు మైసమ్మకు మొక్కే మన ప్రాంతంవారికి ఆమెను పరిచయం చేయనక్కరలేదు. బజోవ్ కూతురు అరియాద్నాను తిమూర్ గైదార్ పెళ్ళి చేసుకున్నాడు. 1956లో వాళ్ళకు పుట్టిన కొడుకు యెగోర్.

ఈ యెగోర్ గైదార్ ఆర్థికవేత్త అయ్యాడు. 1992 జనవరి 2న రష్యాలో చాలా వస్తువుల ధరలపై ప్రభుత్వ నియంత్రణ ఎత్తివేసిన సంస్కరణకు నాయకత్వం వహించింది ఆయనే. ఆ సంవత్సరం కొన్ని నెలలు తాత్కాలిక ప్రధానిగా కూడా పనిచేశాడు. ఒక్క ఏడాదిలో ధరలు దాదాపు ఇరవై ఆరు రెట్లయ్యాయి. జీవితాంతం దాచుకున్న పొదుపు చేతిలో కరిగిపోయింది. తాతల కథలు విని పెరిగిన ముసలివాళ్ళు వీధుల్లో నిలబడి ఇంట్లో సామాన్లు అమ్ముకుంటున్నప్పుడు, ఆ తాతల మనవడే ప్రభుత్వంలో ఉన్నాడు. 2006లో ఆయన రాసిన ‘సామ్రాజ్య పతనం’ ఈ విషయంపై వచ్చిన ముఖ్యమైన పుస్తకాల్లో ఒకటి.

అందని టెలిగ్రాం

అర్కాదీ గైదార్ 1939లో ప్రచురించిన ‘చుక్, గెక్’ కథ తెలుగులోకి వచ్చింది. చదవనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. చుక్, గెక్ అన్నదమ్ములు. తల్లితో మాస్కోలో ఉంటారు. తండ్రి ఎక్కడో దూరాన, మంచు అడవుల్లో, ఖనిజాల అన్వేషణ బృందానికి పెద్ద. రమ్మని ఉత్తరం రాస్తాడు. ప్రయాణానికి సిద్ధమవుతుండగా, తల్లి ఇంట్లో లేని సమయంలో ఒక టెలిగ్రాం వస్తుంది. దాన్ని ఒక రేకు డబ్బాలో పెడతారు. ఇంతలో అన్నదమ్ములు కొట్టుకుంటారు. డబ్బా కిటికీలోంచి బయట మంచులో పడుతుంది. ఎంత వెతికినా దొరకదు. అప్పుడు ఇద్దరూ ఒక ఒప్పందానికి వస్తారు. అమ్మ అడిగితే నిజం చెప్పాలి, అడగకపోతే తామై నోరు విప్పకూడదు. అమ్మకు టెలిగ్రాం సంగతే తెలియదు కాబట్టి అడగదు.

రెండు వారాలు ఆగి రమ్మని అందులో ఉంది. అత్యవసర పని మీద బృందమంతా అడవి లోపలికి వెళ్ళింది. తల్లీపిల్లలు రోజుల తరబడి ప్రయాణం చేసి చేరేసరికి అక్కడ ఒక్క కాపలాదారు తప్ప ఎవరూ లేరు. అప్పుడు టెలిగ్రాం గుట్టు బయటపడుతుంది. తిండి చాలీచాలకుండా, చలిలో, ఒంటరి గుడిసెలో ఎదురుచూస్తారు. చివరికి తండ్రి వస్తాడు. కొత్త సంవత్సరం రాత్రి అందరూ కలిసి రేడియోలో మాస్కో గడియారపు గంటలు వింటారు.

ఈ కథ పుట్టిన కాలాన్ని చూడండి. తిమూర్ తల్లి లియా సోలొమ్యాన్‌స్కయా అప్పటికి అర్కాదీ గైదార్ నుంచి విడిపోయి ఉంది. స్టాలిన్ కాలపు అరెస్టుల్లో ఆమెనూ పట్టుకెళ్ళారు. 1940లో గానీ విడుదల కాలేదు. బజోవ్‌ను 1937లో పార్టీ నుంచి బహిష్కరించారు. అంటే ఈ ఇద్దరు తాతల పుస్తకాలూ భయం ఇంటి గడప దాకా వచ్చిన రోజుల్లో వెలువడ్డాయి. ఆ భయం కథల్లో ఎక్కడా కనిపించదు. తల్లి దూరమైన పిల్లవాడున్న కుటుంబం నుంచి, దూరమైన తండ్రిని కలుసుకునే కథ వచ్చింది. దీన్ని ప్రచారం అని కొట్టిపారేసేవారున్నారు. నేను అలా అనలేను. కథలో ఉన్న ఎదురుచూపు నిజమైనది.

అందినా కదలని కాగితాలు

ఇప్పుడు మనవడి పుస్తకానికి వద్దాం. ఆయన వాదన తిండిగింజలతో మొదలవుతుంది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు రష్యా ధాన్యం ఎగుమతి చేసే పెద్ద దేశాల్లో ఒకటి. 1963లో సోవియట్ యూనియన్ పెద్ద ఎత్తున ధాన్యం దిగుమతి చేసుకోవలసి వచ్చింది. తరువాత అది అలవాటైంది. నగరాలు పెరిగాయి, సమష్టి వ్యవసాయం వాటికి తగినంత పండించలేదు. తిండి ధరలు పెంచడానికి ప్రభుత్వానికి ధైర్యం చాలలేదు. 1962లో మాంసం, వెన్న ధరలు పెంచినప్పుడు నొవొచెర్కాస్క్ కార్మికులు వీధుల్లోకి వచ్చారు, కాల్పుల్లో ఇరవై ఆరుమంది చనిపోయారు. దిగుమతికి కావలసిన డాలర్లు చమురు అమ్మకం నుంచి వచ్చాయి. 1985 సెప్టెంబరులో సౌదీ అరేబియా తన చమురు విధానం మార్చుకుంది. ఆ ఏడాది చివర్లో పీపా 25 డాలర్లకు పైగా ఉన్న ధర 1986 వేసవికి దాదాపు 10 డాలర్లకు పడిపోయింది. ధాన్యం కొనడానికి అప్పులు చేయవలసి వచ్చింది. అప్పులు పుట్టడమూ కష్టమైంది.

చుక్, గెక్ కథ చదివినవారికి ఇక్కడ ఒక పోలిక తడుతుంది. చెడు వార్త పైవారికి చెప్పకుండా దాచిపెట్టారు, అందుకే దేశం కూలింది అని. పోలిక బాగానే ఉంది గానీ, పుస్తకం అలా చెప్పడం లేదు. గైదార్ చూపించే ప్రభుత్వ పత్రాల్లో, విదేశీ మారకం అయిపోతోందనీ, ధాన్యానికి డబ్బు లేదనీ అధికారులు పైకి రాసిన నోట్లు ఉన్నాయి. టెలిగ్రాం అందింది. విప్పి చదివారు కూడా. చేయవలసిన ప్రతి పనీ ఎవరినో ఒకరిని నొప్పించేది కాబట్టి కాగితం బల్ల మీదే ఉండిపోయింది. విషయం తెలియనిది మామూలు జనానికి. ‘అడిగితేనే చెప్పాలి’ అన్న పిల్లల ఒప్పందం అక్కడ వర్తిస్తుంది. ఒక కథను చరిత్రకు తాళంచెవిగా వాడేటప్పుడు ఇలా ఆగి సరిచూసుకోవాలి.

జనం అడిగిన రోజు కూడా వచ్చింది. 1989 జూలైలో సైబీరియాలోని కుజ్‌బాస్ బొగ్గు ప్రాంతంలో, మెజ్దురెచెన్స్క్ పట్టణంలోని ఒక గనిలో కార్మికులు పని ఆపేశారు. సమ్మె రోజుల్లోనే దొనెట్స్క్, వొర్కుతా, కరగందా బొగ్గు ప్రాంతాలకు పాకింది. లక్షల మంది పాల్గొన్నారు. వాళ్ళ కోరికల్లో సబ్బు ఒకటి. బొగ్గుపొడితో పైకి వచ్చిన మనిషి ఒళ్ళు కడుక్కోవడానికి సబ్బు దొరకడం లేదు. పతనంపై రాసిన ఎన్నో పుటల సిద్ధాంత చర్చ కన్నా ఈ ఒక్క సబ్బు సంగతి గోదావరిఖనిలో త్వరగా అర్థమవుతుంది. కార్మికుల పేరుతో నడిచే రాజ్యంలో కార్మికులు సమ్మె చేశారు. 1991లో మళ్ళీ చేసినప్పుడు గోర్బచెవ్ దిగిపోవాలని కూడా అడిగారు.

యెగోర్ గైదార్ పుస్తకాన్ని జాగ్రత్తగా చదవాలి. ఆయన సాక్షి మాత్రమే కాదు, కక్షిదారు కూడా. వేరే దారి లేదని నిరూపిస్తే తన 1992 సంస్కరణకు సమర్థన దొరుకుతుంది. బ్రిటిష్ రాజనీతి శాస్త్రవేత్త ఆర్చీ బ్రౌన్ 2009లో రాసిన ‘కమ్యూనిజం ఎదుగుదల, పతనం’ దీనికి ఎదురు వాదన చేస్తుంది. సంక్షోభం సంస్కరణను తెచ్చిందనడం కన్నా సంస్కరణే సంక్షోభాన్ని తెచ్చిందనడం సబబని ఆయన అంటాడు. రెండూ చదివి తేల్చుకోండి. నాకు తిండిగింజల లెక్క బలమైనదిగా తోస్తుంది. అయితే అదే లెక్క ఉన్న మరో ప్రభుత్వం ఇంకో పదేళ్ళు లాక్కొచ్చేదేమో అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

లెక్కలో రానిది

మనవడి పుస్తకంలో లేనిది తాత కథలో ఉంది. మంచు గుడిసెలో ఆ తల్లి ఎందుకు ఎదురుచూసింది? దూరాన ఉన్నవాడు మనల్ని మరిచిపోడు అన్న నమ్మకంతో. కాపలాదారు ముక్కూమొహం తెలియని పిల్లలకు తిండి పెట్టాడు. కొన్ని తరాల పిల్లలు ఈ నమ్మకాన్ని కథలుగా చదివి పెద్దవాళ్ళయ్యారు. క్యూలో నిలబడ్డారు, జీతం దాచుకున్నారు, ఓపిక పట్టారు. ఆ ఓపిక ప్రభుత్వానికి పెద్ద ఆస్తి, కానీ ఏ పద్దు పుస్తకంలోనూ రాయలేదు. అది ఎలా ఖర్చయిపోయిందో తెలుసుకోవాలంటే స్వెత్లానా అలెక్సియేవిచ్ 2013లో తెచ్చిన పుస్తకం చూడాలి. పాత సోవియట్ మనుషులను వాళ్ళ వంటిళ్ళలో కూర్చోబెట్టి మాట్లాడించిన సంకలనం అది. ఆమెకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. పోయిన పొదుపు గురించి, పెట్టె నిండా మిగిలిన పుస్తకాల గురించి ఒకే గొంతుతో మాట్లాడేవాళ్ళు అందులో కనిపిస్తారు.

‘పతనం’ అన్న మాటను మన ప్రాంతానికి అన్వయించేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. సోవియట్ యూనియన్ 1991 డిసెంబరులో రద్దయింది. సింగరేణిలో గుర్తింపు సంఘం కోసం మొదటిసారి రహస్య బ్యాలెట్ ఎన్నిక జరిగింది 1998లో. అందులో గెలిచింది ఎర్రజెండా సంఘమైన ఏఐటీయూసీ. మాస్కోలో జెండా దిగిన ఏడేళ్ళకు బాయి కార్మికుడు అదే రంగు జెండాకు ఓటు వేశాడు. ఆ ఓటు మాస్కో కోసం కాదు. మస్టర్, బోనస్, క్వార్టరు, వారసుడి ఉద్యోగం అతని మనసులో ఉన్నాయి. రాజ్యం, పార్టీ, సంఘం, నమ్మకం, పుస్తకం, ఇవి ఒకే రోజు పడిపోవు. వీటిలో ఏది ఎప్పుడు పడింది, ఏది నిలిచింది అని విడివిడిగా అడిగితేనే చరిత్ర విద్యార్థి పని మొదలవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న ఒక రిటైరైన కార్మికుడితో, లేదా ఆయన భార్యతో మాట్లాడండి. మాస్కోలో అచ్చయిన ఏ పుస్తకమైనా ఇంటికి వచ్చిందా, ఎవరు తెచ్చారు, పిల్లలకు ఎవరు చదివి వినిపించారు, 1991 వార్త ఎలా విన్నారు, ఆ తరువాత ఆ పుస్తకాన్ని ఏం చేశారు అని అడగండి. చెప్పినదాన్ని వాళ్ళ మాటల్లోనే, దిద్దకుండా, రెండు పేజీలకు మించకుండా రాయండి. ‘చుక్, గెక్’ దొరికితే వాళ్ళతో కలిసి చదవండి. టెలిగ్రాం పోయిన చోట ఆగి, ఆ పిల్లలు చేసింది తప్పేనా అని అడిగి, జవాబును కూడా రాసుకోండి.