చెవి సంగతి కళ్ళనడగాలి

మా గదిలోకి వచ్చినవాళ్ళలో చాలామంది మొదట అడిగేది ఒకటే: "చెవి డాక్టరుగారు పంపించారు కదమ్మా, మరి కళ్ళకి ఈ గంతలేంటి?"

రాజమండ్రిలో ఒక ఈఎన్‌టీ ఆసుపత్రిలో ఆడియాలజిస్టుని నేను. సగం పూట వినికిడి పరీక్షలు, మిగతా సగం కళ్ళు తిరుగుతున్నాయని వచ్చేవాళ్ళతో సరిపోతుంది. నా దాకా వచ్చేసరికి వాళ్ళ చేతిలో లావుపాటి ఫైలు ఉంటుంది. బీపీ పడిపోయిందని ఇంట్లోవాళ్ళు ఉప్పేసి మజ్జిగ తాగించి ఉంటారు. ఒకరు గ్యాసన్నారు, ఇంకొకరు మెడనరాలన్నారు. మెడకి పట్టీ వేసుకున్నారు, తలకి స్కానింగ్ తీయించుకున్నారు. అన్నీ అయ్యాక చెవి వంతు వస్తుంది. పక్క మీద దొర్లితే గిర్రున తిరిగే మనిషికి ఆ వంతు అంత ఆలస్యంగా రావడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

గంతల సంగతి చెప్పాలంటే ముందు మీరొక పని చేయాలి. ఈ పత్రికని ఎదురుగా పట్టుకుని, ఈ వాక్యం చదువుతూనే తలని అడ్డంగా గబగబా ఊపండి. అక్షరాలు నిలిచే ఉంటాయి. ఇప్పుడు తల కదపకుండా పత్రికని అదే వేగంతో ఊపండి. అలుక్కుపోయాయి కదా? మొదటిసారి అక్షరాలని నిలబెట్టింది మీ లోపలి చెవి. బడిలో చదివిన అర్ధవర్తుల కుల్యలు గుర్తున్నాయా? చెవికి మూడు చొప్పున ఉంటాయి. తల ఎటు తిరిగినా వాటిలోని ద్రవం కదులుతుంది. సెకనులో నూరో వంతు కాలంలో కబురు కంటి కండరాలకి చేరుతుంది, తల ఎంత కుడికి తిరిగితే కళ్ళు అంత ఎడమకి మళ్ళుతాయి. చెవి లోపల ఎముకలో దాగిన ఆ కుల్యల్ని మేం చూడలేం. అవి ఆడించే కళ్ళని మాత్రం చూడగలం.

రెండు చెవులూ ఒకే కాడికి కట్టిన ఎడ్ల జత. మనం కదలకుండా కూర్చున్నా రెండు వైపుల నరాలూ సమానంగా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. ఒక ఎద్దు ఉన్నట్టుండి చతికిలబడితే బండి ఆ పక్కకి లాగేస్తుంది. కళ్ళూ అంతే, దెబ్బతిన్న చెవి వైపు నెమ్మదిగా జారతాయి. మెదడు వాటిని చప్పున వెనక్కి లాగుతుంది. మళ్ళీ జారతాయి. ఈ కొట్టుకోవడాన్నే నిస్టాగ్మస్ అంటారు. వెలుతురులో మనిషి దేనిమీదో చూపు నిలిపి దీన్ని చాలావరకు ఆపుకోగలడు కాబట్టి గంతలు పెడతాం. లోపల చీకటి, ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కంటిపాపని వెంటాడుతుంటుంది. వీఎన్‌జీ అని రాసిచ్చే పరీక్ష ఇదే. (కాటుక పెట్టుకొస్తే కెమెరా ఆ నలుపునే పాప అనుకుని అక్కడ తచ్చాడుతుంది. ఎంత చెప్పినా కాటుకతోనే వస్తారు, కొబ్బరినూనె ముంచిన దూది నా సొరుగులో ఎప్పుడూ ఉంటుంది.)

గంతలు పెట్టాక చేసే పరీక్ష ఒకటుంది, చెవిలో నీళ్ళు పోసి కళ్ళు చూడడం. ఆ పద్ధతికి శాస్త్రం కట్టినవాడు వియన్నాలో 1876లో పుట్టిన రాబర్ట్ బారనీ. చెవులు కడిగించుకునే రోగులు కళ్ళు తిరుగుతున్నాయంటుండేవారు. ఒక రోగి, నీళ్ళు తగినంత వెచ్చగా లేకపోతేనే తిరుగుతున్నాయన్నాడు. వేడినీళ్ళు తెప్పించి పోస్తే అవి మరీ వేడెక్కువై మళ్ళీ తిరిగాయి, కాకపోతే ఈసారి కళ్ళు ఎదురు దిక్కుకి కొట్టుకున్నాయి. రోగి సణుగుడుని విసుక్కోకుండా విన్నందుకు వైద్యానికి ఒక పరీక్ష దొరికింది. 1914 సంవత్సరానికి నోబెల్ బహుమతి ప్రకటించేనాటికి బారనీ రష్యాలో యుద్ధఖైదీ. స్వీడన్ రాకుమారుడు కార్ల్ పూనుకుంటే 1916లో బయటపడ్డాడు. తర్వాత ఉప్సలాలో స్థిరపడి, 1936లో అక్కడే పోయాడు. వేడికి చెవిలోని ద్రవం తేలికై పైకి లేస్తుందని, అందుకే కళ్ళు కదులుతాయని ఆయన చెప్పాడు. 1983లో అంతరిక్షంలో, స్పేస్‌ల్యాబ్‌లో, బరువన్నదే లేనిచోట ఈ పరీక్ష చేస్తే అక్కడా కళ్ళు కొట్టుకున్నాయి! ఆయన చెప్పింది సగమే అయినా, ఆ పరీక్షే ఇప్పటికీ మాకు పెద్దదిక్కు.

మేం వాడే లెక్క 1942లో లండన్‌లో ఫిట్జ్‌జెరాల్డ్, హాల్‌పైక్ స్థిరపరిచింది. ఒంటి వేడి 37 డిగ్రీలు. దానికి ఏడు తక్కువ 30, ఏడు ఎక్కువ 44. తల కొంచెం ఎత్తులో పెట్టి పడుకోబెడతాం. ఒక్కో చెవిలో ఒక్కో వేడికి అర నిమిషం పైచిలుకు నీళ్ళు వదులుతాం. మొత్తం నాలుగు విడతలు, మధ్యలో విరామం. కర్ణభేరికి చిల్లు ఉంటే నీళ్ళు వాడం. కాసేపటికి మంచం తిరుగుతున్నట్టుంటుంది, రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఆ తిరుగుడు పరీక్ష పనిచేస్తోందనడానికి గుర్తు, భయపడక్కర్లేదు. అసలు చిక్కు వేరే ఉంది. చీకట్లో పడుకున్న మనిషి మగతలోకి జారితే కంటి కదలిక మందగిస్తుంది, లెక్క తప్పుతుంది. అందుకని మాటల్లో పెడతాం. పుస్తకాల్లో అంకెలు లెక్కపెట్టించమని ఉంటుంది. నేను ఊళ్ళు అడుగుతాను. "అమలాపురంలో బస్సెక్కారు బాబాయిగారూ, రాజమండ్రి దాకా వచ్చే ఊళ్ళు చెప్పండి." అంబాజీపేట, కొత్తపేట, రావులపాలెం, జొన్నాడ... వెనక్కి చెప్పమంటే ఇంకా మంచిది, నిద్ర దగ్గరికి రాదు.

చివర్లో కుడి చెవి ఎంత స్పందించింది, ఎడమ ఎంత అని పోలుస్తాం. తేడా సుమారు నాలుగో వంతు దాటితే తక్కువ స్పందించిన చెవి బలహీనం. అయితే ఈ పరీక్ష చూసేది మూడు కుల్యల్లో అడ్డంగా ఉన్న ఒక్కదాన్నే. పైగా జెంటామైసిన్ లాంటి ఇంజెక్షన్లతో రెండు చెవులూ సమానంగా దెబ్బతింటే తేడా లెక్కలో ఏమీ కనబడదు. అలాంటివాళ్ళకి గిర్రున తిరగదు కూడా. చీకటి పడితే తూలతారు, నడుస్తుంటే దుకాణాల బోర్డులు గెంతుతున్నట్టు కనిపిస్తాయి. చాలా మంది దాన్ని కళ్ళజోడు లోపం అనుకుంటారు.

యంత్రమే అక్కర్లేని పరీక్ష ఇంకొకటుంది. నాకన్నిటికంటే ఇష్టమైనది అదే. ఒక మామ్మగారు వస్తారు. పక్క మీద కుడివైపు ఒత్తిగిలినా, అటక మీదికి తలెత్తినా ఇల్లంతా తిరిగిపోతుంది. కదలకుండా ఉంటే నిమిషంలోపే తగ్గుతుంది. ఆ మాటల్లోనే సగం రోగనిర్ధారణ ఉంది. ఆవిడ తల కుడికి 45 డిగ్రీలు తిప్పి, భుజాలు పట్టుకుని చప్పున వెనక్కి పడుకోబెడతాను, తల మంచం అంచు దాటి కాస్త కిందికి వాలేలా. "కళ్ళు మూసుకోకండి మామ్మగారూ, నా ముక్కు వంక చూడండి." రెండు మూడు సెకన్లు ఏమీ ఉండదు. అప్పుడు మొదలవుతుంది, కళ్ళు పైకి కొట్టుకుంటూ కింది చెవి వైపు మెలితిరుగుతాయి. "పడిపోతున్నానే తల్లీ!" అని నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంటారు. నిమిషంలోపు ఆగిపోతుంది.

1952లో మార్గరెట్ డిక్స్, హాల్‌పైక్ ఈ పరీక్షని వివరించారు. చెవిలోని చిన్న సంచిలో ఉండాల్సిన కాల్షియం కార్బొనేట్ రేణువులు ఊడి కుల్యలోకి జారడమే ఈ జబ్బు. బీపీపీవీ అంటారు. గిర్రున తిరిగే జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. మందుబిళ్ళ ఆ రేణువులని వెనక్కి తేలేదు. తలని వరసగా నాలుగైదు భంగిమల్లో తిప్పి వాటిని వచ్చిన దారినే సంచిలోకి చేర్చాలి. అమెరికా పోర్ట్‌లాండ్‌కి చెందిన జాన్ ఎప్లీ 1980లో ఈ పద్ధతి చూపిస్తే తోటి డాక్టర్లు చాలాకాలం నమ్మలేదు. 1992లో ఆయన వ్యాసం అచ్చయ్యాక మెల్లగా దారికొచ్చారు. మామ్మగారిని మాత్రం నమ్మించడం ఇప్పటికీ కష్టమే. "మందు రాయరా మరి?" అని గుమ్మం దగ్గర ఆగి మరీ అడుగుతారు.

మిగతా పరీక్షల్లో వెంప్ అని ఒకటుంది, చెవిలో పెద్ద చప్పుడు వినిపించి మెడ కండరం స్పందన చూస్తారు. లోపలి చెవిలోని సంచుల్లో ఒకదాని పనితీరు దాంతో తెలుస్తుంది. దానికంటే ముఖ్యం, తలని చిన్నగా, ఉన్నట్టుండి పక్కకి తిప్పి కళ్ళు లక్ష్యాన్ని వదిలాయా అని చూడడం. 1988లో సిడ్నీలో హల్మాగ్యి, కర్తాయిస్ చెప్పింది ఇది. ఇప్పుడు వేగంగా బొమ్మలు తీసే కెమెరాతో ఆరు కుల్యల్నీ విడివిడిగా కొలుస్తున్నాం.

ఇందులో ఒక తిరకాసుంది. ఈ ఉదయం మొదలై గంటల తరబడి ఆగకుండా కళ్ళు తిరుగుతూ, వాంతులవుతున్న మనిషికి ఈ పరీక్షలో లోపం కనిపిస్తే ఎక్కువసార్లు అది చెవి నరం వాపు. ఏ లోపమూ కనిపించకపోతేనే గుండె దడదడమంటుంది, ఎందుకంటే అప్పుడు పక్షవాతమేమోనని చూడాలి. చిన్నమెదడులో రక్తం ఆగిన తొలి గంటల్లో సీటీ స్కాన్ బాగుందని రావచ్చు. ఎంఆర్ఐ కూడా ఒక్కోసారి మొదటి రోజు పట్టుకోలేదు. శిక్షణ ఉన్న డాక్టరు మంచం పక్కన నిలబడి చూసే కళ్ళ పరీక్ష అక్కడ యంత్రం కంటే ముందే చెబుతుంది.

ఇక బిళ్ళల మాట. ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ లాంటివి వాంతులూ తిరుగుడూ ఎక్కువగా ఉన్న మొదటి రెండు మూడు రోజులకి మంచివే. నెలలూ ఏళ్ళూ మింగితే మెదడు కొత్త పరిస్థితికి అలవాటుపడడం ఆలస్యమవుతుంది. "కదలకుండా పడుకో" అనే ఇంటి సలహా కూడా అలాంటిదే. చెవి నరం దెబ్బతిన్నవాళ్ళు వాంతులు తగ్గగానే పక్కన ఒకరి తోడుతో నడవాలి, తల తిప్పుతూ ఉండాలి. మెదడు దిద్దుకునేది అలానే.

పరీక్షకి వచ్చేముందు ఈ బిళ్ళల్ని మామూలుగా రెండు రోజులు ఆపమంటాం. ఏది ఆపాలో డాక్టరుగారే చెప్పాలి, బీపీ, షుగరు, ఫిట్స్ మందుల జోలికి మీరు పోవద్దు. కడుపు నిండా తిని రాకండి, తోడుగా ఎవరినైనా తెచ్చుకోండి. మెడ ఎముకలో జబ్బుంటే ముందే చెప్పండి. తిరుగుడుతో పాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, మూతి వంకరపోయినా, నిలబడలేకపోయినా మా గది కోసం వెతక్కుండా 108కి ఫోన్ చేయండి. అవేమీ లేకుండా నెలల తరబడి కళ్ళు తిరిగే బిళ్ళ వేసుకుంటున్నారా? ఒక్కసారైనా ఎవరైనా పడుకోబెట్టి మీ కళ్ళు చూశారా? లేకపోతే, ఆ బిళ్ళల చీటీ పట్టుకుని ఈ వారమే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.