పనయ్యాక... తానే మాయం!

చెప్పిన పని చేసేసి, ఆనవాలు లేకుండా తనను తానే డిలీట్ చేసుకునే కంప్యూటర్ ప్రోగ్రాములున్నాయి. వినడానికి గారడీలా ఉన్నా దాని వెనక ఉన్నది ఓ చిన్న చిట్కా. ఆ చిట్కాను నమ్ముకుని పాస్‌వర్డులు దాస్తే మాత్రం చిక్కే!

భస్మాసురుడు తన నెత్తిన తానే చెయ్యి పెట్టుకుని బూడిదైపోయాడు. అతడితో ఆ పని చేయించడానికి సాక్షాత్తూ విష్ణుమూర్తి మోహిని వేషం కట్టాల్సి వచ్చింది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లకూ అప్పుడప్పుడూ అలాంటి అవసరమే పడుతుంది. తాము రాసిన ప్రోగ్రాం పని పూర్తిచేశాక తన ఫైలును తానే తుడిచేసుకోవాలి. అదేం పెద్ద పని, చివర్లో ‘నన్ను డిలీట్ చెయ్’ అని ఒక వాక్యం రాస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. విండోస్ కంప్యూటర్లో ఆ వాక్యం పనిచేయదు!

ఇంతకీ ఎవరికి కావాలి?

ఒక కాలేజీ ల్యాబులో అరవై కంప్యూటర్లున్నాయనుకోండి. అన్నింటిలో కొత్త ప్రింటర్ పెట్టాలి, నాలుగైదు సెట్టింగులు మార్చాలి. ఒక్కోదాని ముందు కూర్చుంటే రెండు రోజులు పడుతుంది. అందుకే ల్యాబు చూసుకునే ఉద్యోగి చేయాల్సిన పనులన్నీ వరసగా ఒక స్క్రిప్టులో రాస్తాడు. అన్నింటినీ మార్చే అధికారం అడ్మినిస్ట్రేటర్‌కే ఉంటుంది కాబట్టి ఆ పాస్‌వర్డు కూడా అందులోనే పెడతాడు. ఎవరూ చదవకుండా దాన్ని ‘కంపైల్’ చేసి, ఈఎక్స్‌ఈ ఫైలుగా మారుస్తాడు. పని కాగానే అది మాయమైపోతే విద్యార్థుల చేతికి చిక్కదని అతడి ఆశ.

ఇలాంటి స్క్రిప్టులు రాసుకోవడానికి 1999లో వచ్చిన ఆటోఇట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. అయితే ఇక్కడ కంపైల్ అన్న మాట కాస్త మోసం చేస్తుంది. చాలామంది అనుకున్నట్టు స్క్రిప్టంతా ఎవరికీ అర్థంకాని యంత్రభాషగా మారిపోదు. స్క్రిప్టునూ, దాన్ని చదివి అమలుచేసే చిన్న ప్రోగ్రామునూ కలిపి ఒకే ఫైలుగా కట్టేస్తారంతే. ఉత్తరాన్నీ, చదివిపెట్టే మనిషినీ ఒకే పెట్టెలో పెట్టి మూతేసినట్టన్నమాట. పెట్టె తెరవడం తెలిసినవాడికి ఉత్తరం మళ్లీ దొరుకుతుంది!

కూర్చున్న కొమ్మను నరకనివ్వదు

ఓ ప్రోగ్రాం మీద డబుల్‌క్లిక్ చేస్తే అదంతా ఒక్కసారే మెమరీలోకి వచ్చేస్తుందనుకుంటాం. నిజానికి విండోస్ దాన్ని పేజీల్లా విడగొట్టి, ఏ పేజీ అవసరమైతే ఆ పేజీని ఫైల్లోంచి తెచ్చుకుంటుంది. హరికథ నడుస్తుండగా భాగవతార్ ముందున్న పుస్తకాన్ని ఎవరైనా ఎత్తుకెళ్తే కథ ఆగిపోతుంది కదా! అలా జరక్కుండా విండోస్ ఆ ఫైలుకు కాపలా కాస్తుంది. నడుస్తున్నంతసేపూ దాన్ని మామూలు పద్ధతిలో ఎవరూ డిలీట్ చేయలేరు. అడిగేది ఆ ప్రోగ్రామే అయినా సరే, ‘ఫైలు వాడకంలో ఉంది’ అనో ‘అనుమతి లేదు’ అనో జవాబొస్తుంది.

ఇందులో ఓ తమాషా ఉంది. నడుస్తున్న ప్రోగ్రాం పేరు మార్చుకోవడానికి మాత్రం విండోస్ ఒప్పుకుంటుంది. తమను తాము అప్‌డేట్ చేసుకునే సాఫ్ట్‌వేర్లు కొన్ని ఈ వెసులుబాటునే వాడుకుంటాయి. పాత ఫైలుకు వేరే పేరు పెట్టి పక్కకు జరిపి, ఆ స్థానంలో కొత్తదాన్ని కూర్చోబెడతాయి. పాతదాన్ని తర్వాత తీరిగ్గా తీసేస్తాయి.

చీటీ రాసిపెట్టి పోతుంది

తాను చేయలేని పనిని మరొకరికి అప్పగించడమే ఇక్కడ అందరూ పట్టే దారి. ప్రోగ్రాం తన పని ముగిసే ముందు తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్లో ఓ బుల్లి బ్యాచ్ ఫైలును తయారుచేస్తుంది. ‘నేను వెళ్లిపోయాక నా ఫైలును తీసెయ్’ అని చీటీ రాసినట్టు. తర్వాత దాన్ని మొదలుపెట్టించి తాను ముగిసిపోతుంది. బ్యాచ్ ఫైలు ఒకటి రెండు సెకన్లు ఆగి డిలీట్ చేయడానికి ప్రయత్నిస్తుంది. ఫైలు ఇంకా ఉంటే మళ్లీ ఆగుతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది.

మరి ఆ చీటీని ఎవరు చింపుతారు? అదే చింపుకుంటుంది! బ్యాచ్ ఫైలు ఈఎక్స్‌ఈ లాంటిది కాదు. డాస్ కాలం నుంచీ దాన్ని ఒక్కో వరుసే చదువుతూ అమలుచేస్తారు. దానికి కాపలా ఉండదు. అందుకే చివరి వరుసలో తనను తాను తీసేసుకోగలదు.

ఈ ‘ఆగడం’ వెనకా చిన్న కథుంది. పాత విండోస్‌లలో బ్యాచ్ ఫైలును కాసేపు ఆగమని చెప్పే సులువైన ఆదేశం ఉండేది కాదు. అందుకని ‘పింగ్’ను వాడేవారు. నెట్‌వర్క్‌లో అవతలి కంప్యూటర్ పలుకుతోందో లేదో చూసే ఆదేశమది. దాన్ని 127.0.0.1 అనే చిరునామాకు, అంటే తనకు తానే పంపుకుంటే సెకనుకొకటి చొప్పున పిలుపులు వెళ్తాయి. మూడు నాలుగు పిలుపులయ్యేసరికి కావల్సినంత సమయం గడిచిపోతుంది. ఆ తర్వాత ‘టైమవుట్’ అనే ఆదేశం వచ్చినా పింగ్ అలవాటు పోలేదు.

ఇంకో రాచమార్గం కూడా ఉంది. ‘ఈసారి కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఈ ఫైలును తీసెయ్’ అని విండోస్ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయించొచ్చు. అయితే దానికి అడ్మినిస్ట్రేటర్ అధికారం కావాలి. సాఫ్ట్‌వేర్లను తొలగించినప్పుడు ‘కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి’ అని అడగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. అన్‌ఇన్‌స్టాలర్లు చాలావరకూ ముందుగా తమ నకలును టెంప్ ఫోల్డర్లోకి పంపి, అక్కణ్నుంచి అసలు ఫోల్డర్ను ఖాళీ చేయిస్తాయి.

లినక్స్, మ్యాక్‌లలో ఇంత తతంగం అక్కర్లేదు. వాటికి మూలమైన యూనిక్స్‌లో ఫైలు పేరు వేరు, అందులోని సరుకు వేరు. పేరును ఎప్పుడైనా కొట్టేయొచ్చు. సరుకు మాత్రం దాన్ని వాడుతున్నవాళ్లు ఉన్నంతవరకూ ఉంటుంది. పెళ్లి భోజనాల జాబితాలో పేరు కొట్టేసినా, అప్పటికే బంతిలో కూర్చున్నవాణ్ని లేపరుగా... అలాగే!

ఏ దారిలో వెళ్లినా దేన్ని తీసేయాలో కచ్చితంగా చెప్పాలి. లేదంటే ఏమవుతుందో 2015 జనవరిలో తెలిసొచ్చింది. స్టీమ్ అనే ఆటల సాఫ్ట్‌వేర్‌కు చెందిన లినక్స్ స్క్రిప్టులో తన ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోటు కొన్ని సందర్భాల్లో ఖాళీగా ఉండిపోయేది. ‘ఫలానా ఫోల్డర్లో ఉన్నవన్నీ తీసెయ్’ అన్న ఆదేశం కాస్తా ‘ఉన్నవన్నీ తీసెయ్’గా మారిపోయింది. అలా సొంత ఫైళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

చదవగానే చెరిగిపోయే కవిత

తనను తాను చెరుపుకొనే ప్రోగ్రాముల్లో అన్నిటికన్నా పేరుపడింది ఓ కవిత! సైబర్‌స్పేస్ అన్న మాటను పుట్టించిన రచయిత విలియం గిబ్సన్ 1992లో ‘అగ్రిప్పా’ అనే దీర్ఘకవిత రాశారు. ఆయనకు ఆరేళ్లప్పుడే తండ్రి చనిపోయారు. ఆ తండ్రి దాచుకున్న ఫొటో ఆల్బమ్ పేరే అగ్రిప్పా. జ్ఞాపకాలు ఎలా చెదిరిపోతాయో కవిత ఎలాగూ చెబుతుంది. ప్రచురణకర్త కెవిన్ బెగోస్, చిత్రకారుడు డెనిస్ ఆష్‌బా, గిబ్సన్ కలిసి దాన్ని చేసి చూపించాలనుకున్నారు. అందుకే కవితను మెకింతోష్ కంప్యూటర్ల ఫ్లాపీలో పెట్టారు. ఆన్ చేస్తే అక్షరాలు తెరమీద పైకి జరుగుతూ పోతాయి. ఆపడానికి వీల్లేదు, వెనక్కి తిప్పడానికి వీల్లేదు. ఒక్కసారి చదవడం పూర్తయితే మళ్లీ ఆ ఫ్లాపీలో కవిత కనపడదు.

దాన్ని లిస్ప్ భాషలో రాసి కంపైల్ చేశారు. 2012లో కెనడా పరిశోధకుడు క్విన్ డ్యూపాంట్ ఆ రహస్యాన్ని ఛేదించమని పోటీ పెడితే, లోపల ఏం జరిగేదో బయటపడింది. ప్రోగ్రాం తన ఫైలును డిలీట్ చేసి ఊరుకోలేదు. డీఎన్ఏను తలపించే ఏ, సీ, జీ, టీ అక్షరాలతో తన మీద తానే గీతలు గీసినట్టు రాసేసుకునేది.

ఇంత చేసినా కవిత మాయమైందా? లేదు! 1992 డిసెంబరు 9న న్యూయార్క్‌లో దాన్ని బహిరంగంగా ప్రదర్శించారు. మర్నాటికల్లా పూర్తి పాఠం నెట్‌వర్కుల్లో తిరగడం మొదలైంది. ఫ్లాపీ తన పని తాను చక్కగానే చేసుకుంది. కానీ తెరమీదికి వచ్చిన అక్షరాలను ఎవరు నకలు తీసుకుంటారో దానికేం తెలుసు?

పేరు పోయినా గుట్టు పోదు

పాస్‌వర్డున్న స్క్రిప్టుకూ ఇదే వర్తిస్తుంది. డిలీట్ అంటే తుడిచేయడం కాదు. పెన్‌డ్రైవుల్లో ఎక్కువగా వాడే ఫ్యాట్ పద్ధతిలో ఫైలును తీసేస్తే, జాబితాలో దాని పేరులోని మొదటి అక్షరం స్థానంలో ఓ గుర్తు పడుతుంది. ‘ఈ చోటు ఇక ఖాళీ’ అని దానర్థం. ఆ చోట మరొకటి వచ్చి కూర్చునేదాకా పాత సమాచారం అక్కడే ఉంటుంది. రికవరీ సాఫ్ట్‌వేర్లు బతుకుతున్నది దాని మీదే.

అమెరికాలోని ఎంఐటీకి చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలట్ అప్పట్లో 158 పాత హార్డ్‌డిస్కులు కొని పరిశీలించారు. 2003లో వెలువడిన వాళ్ల నివేదిక ప్రకారం పనిచేస్తున్నవి 129. వాటిలో సమాచారాన్ని సరిగ్గా తుడిచేసినవి 12 మాత్రమే. మిగతావాటిలో అయిదు వేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి! ఇప్పటి ఎస్‌ఎస్‌డీల్లో ‘ట్రిమ్’ సదుపాయం వల్ల డిలీట్ చేసినవి త్వరగానే నిజంగా పోతుంటాయి. అయినా ఎప్పుడు పోతాయో కచ్చితంగా చెప్పలేం.

ఫైలు పోయినా ఆనవాళ్లు మిగులుతాయి. ప్రోగ్రాములు వేగంగా మొదలవడం కోసం 2001లో వచ్చిన ఎక్స్‌పీ నుంచీ విండోస్ ‘ప్రీఫెచ్’ అనే ఫోల్డర్ను నిర్వహిస్తోంది. ఏ ప్రోగ్రాం నడిచిందో, చివరిగా ఎప్పుడు నడిచిందో అందులో నమోదవుతుంది. సైబర్ నేరాల దర్యాప్తులో అదో ముఖ్యమైన సాక్ష్యం.

ఎందుకంటే నేరగాళ్లకూ, గూఢచారులకూ ఈ మాయమయ్యే విద్య మహా ఇష్టం. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ వైరస్ ఒక పెన్‌డ్రైవ్ నుంచి మూడు కంప్యూటర్లకు పాకాక ఆ డ్రైవు మీద నుంచి తప్పుకునేది. 2012 మే నెలలో ఫ్లేమ్ అనే గూఢచారి ప్రోగ్రాం సంగతి ప్రపంచానికి తెలిసింది. కొద్దిరోజులకే ‘నిన్ను నువ్వు తొలగించుకో’ అనే ఆదేశం దానికి అందింది. అది తన ఫైళ్లను తీసేసి, ఆ చోటును పిచ్చి అక్షరాలతో నింపేది. అంత జాగ్రత్తపడ్డా, ఆ ఆదేశాన్ని సిమాంటెక్ సంస్థ ఎరగా పెట్టిన కంప్యూటర్లలో పట్టుకుంది.

మరేం చేయాలి?

ల్యాబు ఉద్యోగి ముందున్న అసలు సమస్య స్క్రిప్టును మాయం చేయడం కాదు, పాస్‌వర్డును అందులో పెట్టకపోవడం. స్క్రిప్టు నడుస్తుండగానే ఎవరైనా నకలు తీసుకోవచ్చు. కరెంటు పోతే చెరిపే ఘట్టం దాకా రాకపోనూవచ్చు. అరవై కంప్యూటర్లకూ ఒకే పాస్‌వర్డు అయితే ఒక్కచోట దొరికినా అన్నీ దొరికినట్టే. మైక్రోసాఫ్ట్‌కూ ఈ పాఠం తప్పలేదు. ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఒకేసారి పాస్‌వర్డు పంపే సదుపాయం ఒకటి విండోస్ సర్వర్లలో ఉండేది. దాని తాళంచెవి ఆ సంస్థ పత్రాల్లోనే అచ్చయి ఉండటంతో 2014లో దాన్ని ఆపేశారు. 2015లో ‘ల్యాప్స్’ పేరిట ఉచిత సాధనం ఇచ్చారు. ఒక్కో కంప్యూటర్‌కు వేరే పాస్‌వర్డు పెట్టి, దాన్ని ఎప్పటికప్పుడు అదే మారుస్తుంటుంది. 2023 నుంచి అది విండోస్‌లోనే భాగమైంది.

ఇంట్లోవాళ్లు గుర్తుంచుకోవాల్సినవీ ఉన్నాయి. ఎవరో పంపిన ఫైలు మీద క్లిక్ చేయగానే ఏమీ జరగకుండా ఆ ఫైలే కనిపించకుండా పోతే ‘పీడా పోయింది’ అనుకోకూడదు. వెంటనే నెట్ ఆపేసి యాంటీవైరస్‌తో వెతికించాలి. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులను మరో పరికరం నుంచి మార్చుకోవాలి. పాత కంప్యూటర్ అమ్మేటప్పుడు ఫొటోలనూ కాగితాలనూ డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే చాలదు. విండోస్ ‘రీసెట్’లో అన్నీ తీసేసి డ్రైవును శుభ్రం చేసే ఎంపిక ఉంటుంది. కాస్త ఎక్కువ సమయం పట్టినా దాన్నే ఎంచుకోవాలి. డిస్కు పాడై తుడవడానికి వీల్లేకపోతే, దాన్ని విప్పి తీసి ఇంట్లోనే ఉంచేసుకుని మిగతా పెట్టె అమ్మడం మేలు.