ఆరో వేలు కథ

చేతికి ఆరో వేలు ఉంటే ఎంత, లేకపోతే ఎంత! ఉప ముఖ్యమంత్రి పదవిని ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి పోల్చింది ఆ ఆరో వేలితోనే. ఆ మాట తెలంగాణ గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది.

ఎందుకంటే ఆ పదవి వెనక ఓ ఒప్పందం ఉంది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాద్ హౌస్‌లో రెండు ప్రాంతాల నేతలూ కూర్చుని 'పెద్దమనుషుల ఒప్పందం' రాసుకున్నారు. తెలంగాణ తరఫున సంతకం చేసినవారిలో ముఖ్యుడు పాలమూరు బిడ్డ, అప్పటి హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలన్నది అందులోని ఓ షరతు. ఆంధ్ర తరఫున సంతకం చేసినవారిలో సంజీవరెడ్డి కూడా ఉన్నారు!

అదే ఏడాది నవంబరు 1న కొత్త రాష్ట్రం వచ్చింది. బూర్గుల కేరళ గవర్నరుగా వెళ్లారు. ఉప ముఖ్యమంత్రి కుర్చీ మాత్రం ఖాళీగా ఉండిపోయింది. విచిత్రం ఏమిటంటే, అంతకుముందు ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు దగ్గర అదే పదవి చేసింది సంజీవరెడ్డే!

దామోదరం సంజీవయ్య హయాంలో ఆ కుర్చీలో కె.వి.రంగారెడ్డి కూర్చున్నారు. బ్రహ్మానందరెడ్డి కాలంలో జె.వి.నర్సింగరావుకు దక్కింది. తెలంగాణకు చెందిన పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యాక అది ఆంధ్ర ప్రాంత నేత బి.వి.సుబ్బారెడ్డికి వెళ్లింది.

ఖాళీ కుర్చీ కథ మనకే పరిమితం కాదు. ఈజిప్టులో 1970లో నాసర్ మరణించాక ఉపాధ్యక్షుడు సాదత్, 1981లో సాదత్ హత్య తర్వాత ఉపాధ్యక్షుడు ముబారక్ గద్దెనెక్కారు. అలా వచ్చిన ముబారక్ తన కింద ఉపాధ్యక్షుడనేవాణ్నే పెట్టుకోలేదు. 2011 జనవరిలో జనం వీధుల్లోకి వచ్చాక ఒమర్ సులేమాన్‌ను నియమించారు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఫిబ్రవరి 11న ఆయనే దిగిపోవాల్సి వచ్చింది.

నిజానికి మన రాజ్యాంగంలో ఉప ముఖ్యమంత్రి అన్న పదవే లేదు. చట్టం దృష్టిలో ఆయనా ఓ మంత్రే. ఆ పేరు పెట్టుకోవడం రాజ్యాంగ విరుద్ధం కాదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మరి లేని పదవి కోసం అంత పట్టుదల ఎందుకు? పెద్దమనుషులు ఇచ్చిన మాట నిలిచిందో లేదో జనానికి ఎదురుగా కనిపించే గుర్తు అదే కాబట్టి.

2014లో తెలంగాణ విడివడింది. రెండు ప్రాంతాల పంపకం ముగిసినా పదవి పోలేదు. తొలి మంత్రివర్గంలోనే ఇద్దరు ఉప ముఖ్యమంత్రులు! 2023 డిసెంబరు 7న ముఖ్యమంత్రిగా పాలమూరుకు చెందిన రేవంత్ రెడ్డి, ఆయనతోపాటు ఉప ముఖ్యమంత్రిగా మల్లు భట్టి విక్రమార్క ప్రమాణం చేశారు. ఆరో వేలు ఇంకా చేతికే ఉంది!