పురుగుకూ మనిషికీ ఒకే కాపు: దోమతెర కథ

పట్టుపురుగులు మేపే ఇంట్లో దోమల కాయిల్ వెలిగించరు. హిందూపురం, పెనుకొండ చుట్టుపక్కల మల్బరీ సాగు చేసే రైతులు ఈ జాగ్రత్త బాగా ఎరుగుదురు. దోమను పడగొట్టే పైరెత్రాయిడ్ మందులే పట్టుపురుగునూ చంపుతాయి. మందు అంటిన ఆకు తిన్నా పురుగు విలవిల్లాడి, రసం కక్కి చచ్చిపోతుంది. ఇంటిల్లిపాది తిండి ఆ పురుగు మీదే ఆధారపడినప్పుడు దోమకు మందు పెట్టడం కుదరదు. అలాంటి చోట పురుగునూ మనిషినీ కలిపి కాచేది కన్నాల గుడ్డ ఒక్కటే. దోమతెరగా, కిటికీ జాలీగా, షెడ్డు వలగా మన మధ్య ఉన్న ఆ వస్తువుకు పెద్ద చరిత్రే ఉంది.

క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఈజిప్టు గురించి రాస్తూ, అక్కడివాళ్లు పగలు చేపలు పట్టిన వలనే రాత్రి పక్క చుట్టూ కట్టుకుని దోమలను తప్పించుకునేవారని చెప్పాడు. గాలి ఆడాలి, దోమ దూరకూడదు. ఈ రెండూ ఒకే గుడ్డలో సాధించడం నేతలో కష్టమైన పని. ఎందుకో ధర్మవరం నేతన్నలకు చెప్పనక్కరలేదు. పడుగు, పేక దగ్గరగా ఉన్నంతవరకే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నేత పలచనైతే పోగులు జరిగిపోతాయి, కన్నం పెద్దదవుతుంది.

ఈ చిక్కును ఇంగ్లండ్‌లో జాన్ హీత్‌కోట్ విప్పాడు. చేత్తో అల్లే లేసును యంత్రం మీదికి తేవాలన్నది ఆయన ప్రయత్నం. 1809లో పేటెంటు పొందిన ఆయన బాబినెట్ యంత్రంలో పలచటి బాబిన్లు పేక పోగును పడుగు పోగు చుట్టూ మెలివేస్తూ సాగుతాయి. మెలిక పడిన చోట పోగు కదలదు, ఆరు పలకల కన్నం చెదరదు. యంత్రాలు తమ కూలి పడగొడతాయన్న ఆగ్రహంతో 1816లో కొందరు లఫ్‌బరోలోని ఆయన ఫ్యాక్టరీపై పడి 55 యంత్రాలు పగలగొట్టారు. హీత్‌కోట్ పనిని టివర్టన్ పట్టణానికి తరలించాడు. నేడు దోమతెరలు ఎక్కువగా పడుగు అల్లిక యంత్రాల మీద తయారవుతున్నాయి. అందులో ప్రతి పోగూ పక్క పోగుతో ముడిపడుతుంది. మన దేశంలో తమిళనాడులోని కరూర్ ఈ తెరలకు పేరుపొందింది.

పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా దోమతెర నిద్ర చెడకుండా చూసే సౌకర్యం మాత్రమే. దానికి వైద్యంలో చోటు తెచ్చినది తెలుగు నేల మీద జరిగిన పరిశోధన. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో వైద్యుడు రోనాల్డ్ రాస్, మలేరియా రోగి హుసేన్ ఖాన్ రక్తం తాగిన అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. దోమ కుట్టకుండా చూస్తే మలేరియా రాదా అని 1900లో వైద్యుడు ప్యాట్రిక్ మాన్సన్ ఇటలీలో పెద్ద పరీక్షే పెట్టించాడు. రోమ్ దగ్గర మలేరియాకు పేరుమోసిన చిత్తడి నేలలో, కిటికీలకూ తలుపులకూ జాలీ బిగించిన గుడిసెలో సాంబన్, లో అనే వైద్యులు ఆ జ్వరాల కాలమంతా ఉన్నారు. పొద్దుగూకేసరికి లోపలికి వెళ్లి, తెల్లవారాకే బయటికి వచ్చేవారు. మలేరియా మందు క్వినైన్ ముట్టలేదు. అయినా ఇద్దరికీ జ్వరం రాలేదు.

ఒక్క చిరుగుంటే చాలు, దోమ లోపలికొస్తుంది. అందుకే తెరకు మందు పట్టించే ఆలోచన పుట్టింది. 1973లో ఇంగ్లండ్‌లోని రాథమ్‌స్టెడ్‌లో మైఖేల్ ఎలియట్ బృందం పెర్మెత్రిన్‌ను వెలువరించింది. చామంతి జాతి పువ్వులోని సహజ విషానికి ఇది ఎండకు చెడని కృత్రిమ రూపం. తర్వాత పోగులోనే మందు కలిపి, 20 ఉతుకుల దాకా పనిచేసే తెరలు వచ్చాయి. 2000 నుంచి 2015 వరకు ఆఫ్రికాలో నివారించిన 66 కోట్ల మలేరియా కేసుల్లో సుమారు మూడింట రెండు వంతులు ఈ తెరల పుణ్యమేనని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

మన ప్రాంతంలో ఇదే వల మరో పోరాటం చేస్తోంది. 1980లో పశ్చిమ బెంగాల్ నుంచి తెచ్చిన పట్టుగూళ్ల వెంట ఊజీ ఈగ మన పక్కనున్న కర్ణాటకలో అడుగుపెట్టింది. ఇది పట్టుపురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు నల్ల మచ్చ వదిలి లోపలికి తొలుచుకుపోతుంది. పట్టుపురుగు ఎలాగో గూడు అల్లినా, ఊజీ పిల్ల దాన్ని చిల్లుచేసుకుని బయటపడుతుంది. చిల్లుపడ్డ గూడు నుంచి పోగు తెగకుండా తీయలేరు. హిందూపురం గూళ్ల మార్కెట్‌లో అలాంటి సరుకుకు ధర రాదు. మందు కొట్టే వీల్లేదు కాబట్టి షెడ్డు కిటికీలకు, తలుపులకు నైలాన్ వల కట్టడమే మొదటి రక్ష. ఇక్కడ మందు పట్టించిన దోమతెర మాత్రం వాడకూడదు. అది ఈగను ఆపినా పురుగును చంపుతుంది.

వలకూ హద్దులున్నాయి. డెంగీ మోసే ఏడిస్ దోమ పగలు కుడుతుంది. గుంత మగ్గంలో కాళ్లు దించుకుని పనిచేసే నేతన్నకు రాత్రి తెర సరిపోదు, మగ్గం గది కిటికీకి జాలీ ఉండాలి. నీళ్ల కొరతతో హిందూపురంలో డ్రమ్ముల్లో నీళ్లు దాచుకోక తప్పదు. ఏడిస్ గుడ్లు డ్రమ్ము గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే వారానికోసారి డ్రమ్మును ఖాళీచేసి, గోడలను గట్టిగా రుద్ది కడగాలి. పాతబడిన మామూలు దోమతెరను రెండు మడతలు వేసి డ్రమ్ము మూతికి బిగించి కట్టవచ్చు.

పెనుకొండ రాళ్లగుట్టల పక్క పల్లెల్లో నేల మీద పడుకునేవారికి తెర ఇంకో మేలు చేస్తుంది. అంచులు చాప కిందికి దోపితే తేలు, పాము పక్కలోకి రావడం కష్టం. దోమతెరలో పడుకునేవారికి పాముకాటు ముప్పు తక్కువని నేపాల్‌లో జరిగిన అధ్యయనం తేల్చింది.

అయితే తెర కొని కట్టడంతో పని అయిపోదు. చీకటి పడకముందే దించండి. అంచులు పరుపు కిందికి దోపండి. చిరుగు కనబడితే ఆ రోజే కుట్టండి. మందు తెరను చన్నీళ్లతో ఉతికి నీడలో ఆరవేయండి, ఉతికిన నీళ్లు చెరువులో పోయకండి, చేపలు చస్తాయి. షెడ్డులో పురుగులకు వల కట్టే రైతు తన పిల్లల మంచానికీ తెర కట్టాలి.