బల్ల చుట్టూ అంతరిక్ష యుద్ధం

సైనిక విన్యాసాలనగానే ట్యాంకులూ, ఫిరంగులూ, దుమ్మూ గుర్తొస్తాయి గదా! 2024 నవంబరులో మన రక్షణ అంతరిక్ష సంస్థ మూడు రోజులపాటు జరిపిన ‘అంతరిక్ష అభ్యాస్’ బల్ల చుట్టూ కూర్చుని చేసిన సాధన. శత్రువు మన ఉపగ్రహాల సంకేతాలు అందకుండా చేశాడనుకోండి, ఓడకు దారెలా తెలుస్తుంది? దళాలకు కబురెలా అందుతుంది? ఇలాంటి సాధనల్లో వేసుకునే ప్రశ్నలివి.

నిజంగానే కొట్టి చూడకూడదా అంటారేమో. చూశారమ్మా! 2007లో చైనా తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని సుమారు 850 కిలోమీటర్ల ఎత్తున పగలగొట్టింది. లెక్కకు దొరికిన ముక్కలే మూడు వేల పైచిలుకు. చాలావరకు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, సెకనుకు ఏడు కిలోమీటర్ల వేగంతో. గాజుగిన్నె పగిలితే మనం చీపురు పట్టుకుంటాం, అక్కడ ఎవరు పడతారు? 2019 మార్చి 27న మనవాళ్లు సుమారు 300 కిలోమీటర్ల ఎత్తునే కొట్టారు, ముక్కలు త్వరగా రాలిపోవాలని. అయినా కొన్ని రాలడానికి ఏడాది పైనే పట్టింది.

సైన్యం గొడవ మనకెందుకనకండి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం చేపల జాడ జాలర్లకు చెప్పేది ఓషన్‌శాట్ వంటి ఉపగ్రహాలు చూసిన దాన్నిబట్టే. ఓషన్‌శాట్ తిరిగేది 700 కిలోమీటర్ల పైన, ఆ ముక్కలు తిరిగే దారుల్లోనే.