రోడ్డు పడ్డ చోట ఎవరి ఇల్లుండేది?

అమెరికాలో ఉంటున్న మనం దూరాన్ని మైళ్ళలో చెప్పుకోం, గంటల్లో చెప్పుకుంటాం. "డాలస్ ఎంత దూరం?" అని ఎవరైనా అడిగితే "నాలుగు గంటలు" అంటాం. "మీ ఇల్లెక్కడ?" అంటే ఫలానా ఎగ్జిట్ దిగగానే అంటాం. గుడికి, కూరగాయలకి, పిల్లల కూచిపూడి క్లాసుకి, స్నేహితురాలి సీమంతానికి, దేనికి బయల్దేరినా ముందు హైవే ఎక్కాల్సిందే.

మేముండేది హ్యూస్టన్ పక్కన కేటీలో. ఐ-10 మా వీధి కొళాయంత అలవాటైపోయింది. రోజూ ఎక్కి దిగే ఈ రోడ్డు ఎప్పుడొచ్చింది, ఎవరు వేశారు, వేసినప్పుడు ఆ చోట ఏముండేది అని చదవడం మొదలుపెట్టాను. తెలిసిన సంగతుల్లో కొన్ని సరదాగా ఉన్నాయి, కొన్ని మనసుని పట్టి కుదిపాయి. రెండూ మీతో చెప్పుకోవాలని ఈ వ్యాసం.

62 రోజుల ప్రయాణం

1919 జులై 7న వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి సైన్యం వాహనాలు బారులు తీరి బయల్దేరాయి. దేశాన్ని అడ్డంగా దాటడానికి ఎన్నాళ్ళు పడుతుందో చూడాలని. బురదలో బళ్ళు కూరుకుపోయాయి, వంతెనలు విరిగాయి. 3,200 మైళ్ళు పోవడానికి 62 రోజులు పట్టింది. ఆ బృందంలో ఉన్న ఒక యువ అధికారి పేరు డ్వైట్ ఐసెన్‌హోవర్. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన జర్మనీ వాళ్ళ ఆటోబాన్ రోడ్లు కూడా చూశాడు. ఆ రెండు అనుభవాలూ ఆయన మనసులో ఉండిపోయాయి.

ఆయన అధ్యక్షుడయ్యాక, 1956 జూన్ 29న, ఇంటర్‌స్టేట్ హైవేల చట్టం మీద సంతకం పెట్టాడు. 41,000 మైళ్ళ రోడ్లు వేయాలని నిర్ణయం. ఖర్చులో ప్రతి 100 డాలర్లకి 90 కేంద్రానివి, 10 రాష్ట్రానివి. డబ్బుకోసం గ్యాస్ మీద గాలన్‌కి 3 సెంట్ల పన్ను వేశారు. ఆ పన్ను ఇప్పుడు 18.4 సెంట్లు, 1993 నుంచీ మారలేదు. అంటే మనం ట్యాంకు నింపిన ప్రతిసారీ ఈ రోడ్లకి మన వాటా చెల్లిస్తూనే ఉన్నాం.

పదమూడేళ్ళలో అయిపోతుందనుకున్న పని మూడున్నర దశాబ్దాలు సాగింది. కొలరాడోలో గ్లెన్‌వుడ్ లోయ గుండా ఐ-70 ముక్క 1992లో తెరిచాక, మొదట అనుకున్న రోడ్లు పూర్తయినట్టే అన్నారు. ఈ దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో ఇంటర్‌స్టేట్‌లు నూటికి ఒక వంతు. కానీ జనం తిరిగే తిరుగుడులో దాదాపు నాలుగో వంతు వీటి మీదే.

వీటి నంబర్ల లెక్క తెలిస్తే కొత్త ఊళ్ళో కంగారు తగ్గుతుంది. బేసి సంఖ్యలు ఉత్తర దక్షిణాలకి, సరి సంఖ్యలు తూర్పు పడమరలకి. పడమటి తీరంలో ఐ-5, తూర్పు తీరంలో ఐ-95. దక్షిణాన ఐ-10, ఉత్తరాన ఐ-90. మూడంకెల నంబరు సరి సంఖ్యతో మొదలైతే సాధారణంగా అది ఊరిని చుట్టి వచ్చే రోడ్డు.

ఊళ్ళోకి రాని రోడ్డు

హైదరాబాదు నుంచి విజయవాడ బస్సులో వెళ్ళేవాళ్ళకి సూర్యాపేటలో ఆగి టీ తాగడం ఒక జ్ఞాపకం. మన దగ్గర పాత రోడ్లు ఊరి మధ్య నుంచే పోయేవి. రోడ్డు వెంట బజారు, బజారు వెంట బతుకు. ఇంటర్‌స్టేట్ అలా కాదు. సిగ్నల్ ఉండదు, పక్క సందు నుంచి నేరుగా ఎక్కడానికి ఉండదు, ఎగ్జిట్ దగ్గర తప్ప దిగే వీలుండదు. రూట్ 66 లాంటి పాత రోడ్ల మీద బతికిన చిన్న ఊళ్ళు వెలవెలబోయాయి. ఎగ్జిట్‌ల దగ్గర గ్యాస్ స్టేషన్లు, మోటళ్ళు వెలిశాయి. ఆ మోటళ్ళలో ఎన్నిటినో నడుపుతున్నది గుజరాతీ పటేళ్ళని మనకి తెలిసిందే.

రోడ్డు వేగం పెరిగేసరికి ఊరికి ఇరవై, ముప్పై మైళ్ళ దూరంలో కూడా ఇళ్ళు కట్టుకోవచ్చని తేలింది. పెరడున్న ఇల్లు, మంచి బడి, రెండు కార్ల గరాజు. మనలో చాలామంది వచ్చి చేరింది ఆ సబర్బులకే. కానీ ఆ ఇంటికి ఒక షరతుంది. కారు నడపడం రాకపోతే ఆ ఇంట్లోంచి బయటికి రాలేం.

డిపెండెంట్ వీసా మీద వచ్చిన ఆడవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. నేనూ అలా వచ్చినదాన్నే. మావారు పొద్దున్నే కారు తీసుకుని ఆఫీసుకి వెళ్ళాక, పాల ప్యాకెట్టు కావాలన్నా సాయంత్రం దాకా ఆగాల్సిందే. దగ్గర్లో బస్సు లేదు, దారిలో సగం దూరం నడిచే బాట లేదు. లైసెన్సు తీసుకున్నా దాని గడువు వీసా గడువుతోనే ముగుస్తుంది. ఆదివారాలు ఖాళీ పార్కింగ్ లాట్‌లో నేర్చుకుని, మొదటిసారి ఒక్కదాన్నీ ఫ్రీవే ఎక్కి పియర్‌ల్యాండ్ మీనాక్షి అమ్మవారి గుడికి వెళ్ళొచ్చిన రోజు నాకు ఉద్యోగం వచ్చినంత సంతోషమైంది. మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు కిటికీలోంచి చూస్తూ, "రోడ్లు అద్దాల్లా ఉన్నాయమ్మాయ్, నడిచే మనిషే కనపడడు" అన్నారు. ఈ దేశపు రోడ్ల చరిత్రంతా ఆ మాటలో ఉంది.

లేచిపోయిన ఇళ్ళు

పొలాల మీద వేసిన రోడ్డు ఒక ఎత్తు, ఊళ్ళ మధ్య వేసిన రోడ్డు ఒక ఎత్తు. మొదటి రెండు దశాబ్దాల్లో ఇంటర్‌స్టేట్‌ల కోసం 4,75,000కి పైగా కుటుంబాలు, పది లక్షలకి పైగా మనుషులు ఇళ్ళు వదలాల్సి వచ్చిందని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్ళలో నల్లజాతివాళ్ళు, పేదవాళ్ళు ఎక్కువ. ఆ పేటల్లో స్థలం చవక, కాదనే పలుకుబడి ఆ జనానికి లేదు. "పాత పేటలు శుభ్రం చేస్తున్నాం" అని దానికి ఒక పేరు కూడా పెట్టారు.

మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో రాండో అనే పేట ఉండేది. నల్లజాతి కుటుంబాల ఇళ్ళు, దుకాణాలు, చర్చిలు అన్నీ అక్కడే. ఐ-94 దాని నడుమ నుంచి పోయింది. వందల కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. ఆ పేట పేరుతో 1983 నుంచి అక్కడివాళ్ళు పండగ చేసుకుంటున్నారు. 2015లో నగర మేయరు, రాష్ట్ర రవాణా కమిషనరు ఆ పండగలోనే క్షమాపణ చెప్పారు.

మా కేటీ మీదుగా వెళ్ళే ఐ-10 సంగతి కూడా అంతే. హ్యూస్టన్ దాటేటప్పుడు ఫిఫ్త్ వార్డ్ అనే పేటని చీల్చుకుని పోతుంది. న్యూ ఆర్లీన్స్ చేరాక క్లైబోర్న్ అవెన్యూ మీద వంతెనలా లేస్తుంది. ఆ వీధి మధ్యలో బారులుగా ఓక్ చెట్లుండేవి. వాటి నీడన నల్లజాతి కుటుంబాలు మార్డి గ్రా పండగ జరుపుకునేవి. 1966లో ఆ చెట్లు కొట్టేశారు. ఇప్పుడక్కడ సిమెంటు స్తంభాలున్నాయి.

1956 చట్టంలో ఇల్లు పోయినవాళ్ళకి మరో ఇల్లు చూపించాలన్న నియమం లేదు. అద్దెకున్నవాళ్ళ గతి మరీ అన్యాయం. కేంద్రం డబ్బుతో జరిగే పనులన్నిటికీ పునరావాసం తప్పనిసరి చేస్తూ చట్టం 1970లో వచ్చింది. అప్పటికే లక్షల ఇళ్ళు పోయాయి.

అడ్డం నిలిచిన ఆడవాళ్ళు

అన్నిచోట్లా జనం ఊరుకోలేదు. న్యూయార్క్‌లో మాన్‌హాటన్ దక్షిణ భాగాన్ని చీల్చే ఎక్స్‌ప్రెస్‌వేని ఆపడానికి జేన్ జేకబ్స్ అనే రచయిత్రి ఇరుగుపొరుగుని కూడగట్టింది. 1968లో ఒక బహిరంగ విచారణలో ఆవిడని అరెస్టు కూడా చేశారు. ఆ రోడ్డు పడలేదు.

బాల్టిమోర్ కథ నాకు ఇంకా దగ్గరగా అనిపించింది. పోలండ్ మూలాలున్న కుటుంబంలో పుట్టిన బార్బరా మికుల్‌స్కీ అక్కడ సోషల్ వర్కర్. తల్లిదండ్రులు కిరాణా కొట్టు నడిపేవాళ్ళు. ఫెల్స్ పాయింట్ అనే పాత రేవు పేట మీదుగా హైవే వస్తుందంటే, పేటవాళ్ళతో కలిసి పోరాడింది. హైవే రాలేదు, పేట నిలిచింది. ఆ పోరాటంతో పేరొచ్చి 1971లో నగర కౌన్సిల్‌కి, తర్వాత కాంగ్రెస్‌కి ఎన్నికైంది. సెనేట్‌లో 1987 నుంచి 2017 దాకా 30 ఏళ్ళు ఉంది. అంత పెద్ద జీవితం మొదలైంది, మా వీధి మీదుగా వద్దు అన్న ఒక్క మాటతో.

ఇప్పుడు మన వంతు

ఇదంతా పాత కథ కాదు. మా కేటీ ఫ్రీవేని 2008కల్లా వెడల్పు చేశారు. పక్క రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరసలు. కొన్నేళ్ళకే రద్దీ వేళ ప్రయాణం మళ్ళీ మొదటికొచ్చింది. రోడ్డు పెరిగితే దాని మీదికి కార్లూ పెరుగుతాయి. ఇప్పుడు హ్యూస్టన్ నడిబొడ్డున ఐ-45ని తిరగగట్టే పని వెయ్యికి పైగా ఇళ్ళని, మూడు వందలకి పైగా వ్యాపారాలని కదిలిస్తుంది. దాన్ని కేంద్రం 2021లో ఆపించి, 2023లో కొన్ని షరతులతో వదిలింది. ఆ షరతులు రావడంలో అక్కడి జనం గొంతెత్తడానికీ పాత్ర ఉంది.

రోడ్డు ఇటు వెయ్యాలా, అటు వెయ్యాలా అన్నది ఆకాశం నుంచి ఊడిపడదు. ఒక గదిలో, ఒక పటం ముందు నిర్ణయమవుతుంది. ఆ గదిలో ఎవరున్నారన్నదే ముఖ్యం. ఇలాంటి పనులకి ముందు బహిరంగ సమావేశం పెట్టాలి, రాతపూర్వకంగా అభిప్రాయాలు తీసుకోవాలి. మాట్లాడటానికి ఓటు హక్కు అక్కర్లేదు, పౌరసత్వమూ అక్కర్లేదు. ఆ దారిన తిరిగేవాళ్ళమైతే చాలు.

మీ ఊరి పేరు, రాష్ట్ర రవాణా శాఖ పేరు కలిపి వెతికితే రాబోయే సమావేశాల తేదీలు దొరుకుతాయి. ఒక సాయంత్రం ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి వెళ్ళండి. లేన్లు ఎన్ని అని అందరూ అడుగుతారు. మీరు ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. నడిచే బాట ఉంటుందా? బస్సు వస్తుందా? ఎవరి ఇళ్ళు పోతాయి, వాళ్ళు ఎక్కడికి వెళ్తారు?